‘హై-రెస్’ పేరుతో అమ్ముతున్న ఇండీ ఆల్బమ్ జిప్ ఫైళ్లు కొనకండి

తమ పాటలు తామే రాసి, పాడి, విడుదల చేసుకునే ఇండీ గాయకుల కొత్త ఆల్బమ్‌లను "24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ఫ్లాక్" అంటూ, అంటే సీడీని మించిన నాణ్యత (హై-రెస్) అని చెప్పి, వందకీ నూటయాభైకీ అమ్మే పేజీలు సోషల్ మీడియాలో కనిపిస్తున్నాయి. యూపీఐలో డబ్బు పంపగానే ఒక డ్రైవ్ లింకు వస్తుంది. దిగేది ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే ఫార్మాట్) ఫైలే. లోపలున్న శబ్దం మాత్రం యూట్యూబ్ నుంచో ఎంపీత్రీ నుంచో తీసి అందులోకి ఎక్కించింది. చెంబుడు నీళ్లు బిందెలో పోసినంత మాత్రాన బిందెడు కావు. ఎంపీత్రీ చేసేటప్పుడు పోయిన సమాచారం ఎన్ని బిట్లకు పెంచినా తిరిగి రాదు.

ఇండీ ఆల్బమ్‌ల విషయంలో ఈ మోసం ఎక్కువగా చెల్లుబాటు కావడానికి కారణముంది. ఒకే ఆల్బమ్‌లో ఒక పాట గిటారు, గొంతు మాత్రమే. తర్వాతిది సింథ్, డ్రమ్ మెషీన్. ఇంకోటి కావాలనే పాత క్యాసెట్ రికార్డర్ మీద తీసింది. శబ్దం మసకగా వినిపిస్తే "ఇది వాళ్ల శైలి కాబోలు" అనుకుని సరిపెట్టుకుంటాం. అమ్మినవాడి తప్పు గాయకుడి ఖాతాలో పడుతుంది. ఇది అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

చెవితో తేల్చుకోవడం కష్టం, కంటితో తేలిక. స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి ఫైలును లాగి వదలండి. శబ్దాలను ఎడిట్ చేసే ఆడాసిటీ ఉంటే పాటను తెరిచి ట్రాక్ మెనూలో స్పెక్ట్రోగ్రామ్ (ఏ పౌనఃపున్యంలో ఎంత శబ్దం ఉందో రంగుల్లో చూపే పటం) ఎంచుకోండి. చప్పట్లు, సింబల్స్, "స", "ష" అక్షరాలు గట్టిగా పలికే చోట్లు చూడండి, పై పౌనఃపున్యాలు ఉండేది అక్కడే. 16 కిలోహెర్ట్జ్ దగ్గర స్కేలు పెట్టి గీసినట్టు రంగు ఆగిపోయి పైన అంతా నల్లగా ఉంటే, అది 128 కేబీపీఎస్ ఎంపీత్రీ గానీ యూట్యూబ్ వాడే ఏఏసీ ఫార్మాట్ గానీ అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ. 320 కేబీపీఎస్ ఎంపీత్రీ అయితే ఆ కోత దాదాపు 20 కిలోహెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. ఫైలు శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలిచారో చెప్పే అంకె) 48 కిలోహెర్ట్జ్ అయ్యుండి సరిగ్గా 20 దగ్గరే తెగితే యూట్యూబ్ వాడే మరో ఫార్మాట్ ఓపస్‌ను అనుమానించాలి. శాంపిల్ రేటులో సగం దాకానే పౌనఃపున్యాలు పడతాయి కనుక, 96 అని చెప్పిన ఫైల్లో 22 పైన ఏమీ లేకపోతే మామూలు 44.1 ఫైలును సాగదీశారని అనుమానించాలి.

ఇక్కడ తొందరపడి తీర్పు ఇవ్వకండి. క్యాసెట్ మీద తీసిన పాటలోనూ పై శబ్దాలు ఉండవు, కానీ అవి మెల్లగా పలచబడుతూ పోతాయి, గీత గీసినట్టు తెగవు. ఒక్క పాట చూసి తేల్చకుండా కనీసం నాలుగు తీరుల పాటలు చూడండి. గిటారు పాటా, డ్రమ్ మెషీన్ పాటా, క్యాసెట్ పాటా అన్నీ ఒకే ఎత్తులో తెగితే అది శైలి కాదు, కంప్రెషన్.

ఒక పాట ఆగకుండా తర్వాతి పాటలోకి జారే చోట కూడా పరీక్షించండి. ఎంపీత్రీ ఎన్‌కోడర్ పాట ముందూ వెనకా కొద్దిపాటి నిశ్శబ్దం చేరుస్తుంది. అజాగ్రత్తగా ఫ్లాక్‌లోకి మారిస్తే అది అలాగే ఉండిపోయి, అతుకు దగ్గర చిన్న తడబాటు వినిపిస్తుంది. ఆడాసిటీలో ఆ చోటును బాగా పెద్దది చేసి చూస్తే చదునైన గీత కనపడుతుంది.

ఫైలు సైజు మరో ఆధారం. నాలుగు నిమిషాల స్టీరియో పాట 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో (24/96) కుదించకముందు సుమారు 138 ఎంబీ. వాయిద్యాలు దండిగా ఉన్న పాట ఫ్లాక్‌లో ముప్పై ఎంబీకి దిగిందంటే అనుమానించాల్సిందే.

అసలు చాలామంది ఇండీ గాయకులు ఇంట్లో ల్యాప్‌టాప్ మీద 44.1లోనో 48లోనో రికార్డు చేస్తారు. గాయకులు నేరుగా పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో గాయకుడి పేజీ మీద 24/44.1 అని ఉంటే, ఈ అమ్మేవాడికి 96 ఎక్కణ్నుంచి వచ్చింది? డబ్బు పంపకముందే ఈ ఒక్క ప్రశ్న అడగండి.

ఇప్పటికే కొన్నవాళ్లు జిప్, చాట్, లావాదేవీ నంబరు చెరపకండి. స్పెక్ట్రోగ్రామ్ స్క్రీన్‌షాట్లు తీసుకుని ముందు యూపీఐ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. పిన్ కొట్టి మీరే పంపిన డబ్బు కనుక బ్యాంకు తేలిగ్గా వెనక్కివ్వదు. అందుకే సైబర్ మోసాల నంబరు 1930కి ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

కొనాలంటే గాయకుడి సొంత వెబ్‌సైట్‌లో ఇచ్చిన లింకు నుంచే వెళ్లండి, పేరు వెతికి వచ్చిన మొదటి పేజీని నమ్మొద్దు. బ్యాండ్‌క్యాంప్ గాయకుల దగ్గర నాణ్యత పోని వేవ్, ఫ్లాక్ వంటి ఫైళ్లే తీసుకుంటుంది, డిజిటల్ అమ్మకాల మీద మామూలుగా 15 శాతం కమీషన్ పట్టుకుంటుంది. కార్డులో అంతర్జాతీయ చెల్లింపులు ఆన్ చేసి ఉండాలి, లేకపోతే లావాదేవీ ఆగిపోతుంది. డౌన్‌లోడ్ దగ్గర ఫార్మాట్ ఎంచుకునే చోట ముందుగా ఎంపీత్రీ కనిపిస్తే దాన్ని ఫ్లాక్‌కు మార్చి అప్పుడు నొక్కండి. పొరపాటున ఎంపీత్రీ దించుకున్నా పర్వాలేదు, మీ కలెక్షన్‌లోకి వెళ్లి అదే ఆల్బమ్‌ను మళ్లీ డబ్బు కట్టకుండా ఫ్లాక్‌లో దించుకోవచ్చు.