ఆరు నెలలు పిక్ లైనుతో: జాకెట్టు చెయ్యి బిగిసిన రోజు

రొమ్ము క్యాన్సరుకు కీమో మొదలుపెట్టే ముందు నాకు పిక్ లైను వేశారు. జబ్బు ఎడమ వైపు కాబట్టి లైను కుడి చేతికే రావాలన్నారు. నేను కత్తెర పట్టే చెయ్యి అదే. మాది ఆదోని, చికిత్స కర్నూలులో. ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఆ లైను నా చేతిలో ఆరు నెలలు ఉంది.

మోచేతికి పైన సిరలోకి ఎక్కించే సన్నటి, మెత్తటి గొట్టం ఇది. కొన గుండెకు దగ్గరి పెద్ద సిర దాకా వెళ్తుంది. అది సరైన చోట ఉందో లేదో నాకు ఎక్స్‌రే తీసి చూశారు. మొదటి నాలుగు విడతలు ఎక్కించింది డోక్సోరూబిసిన్, వార్డులో అందరూ ఎర్ర మందు అంటారు. అది సిర దాటి బయటికి కారితే కండ దాకా పుండు పడుతుంది. పెద్ద సిరలో పడితే వెంటనే రక్తంలో కలిసిపోతుంది. ఈ పనిలో లైను నన్ను ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. రక్తపరీక్షకు కూడా అందులోంచే తీసేవారు. పక్క మంచాల వాళ్లు సిర దొరక్క నాలుగైదు చోట్ల గుచ్చించుకుంటుంటే చూడలేకపోయేదాన్ని.

వారానికోసారి కట్టు మార్చాలి, సెలైనుతో గొట్టం కడగాలి. దానికోసం ఎమ్మిగనూరు మీదుగా బస్సులో కర్నూలు వెళ్లి రావడమే ఒక రోజు పని. ఎండాకాలం చెమటకు కట్టు అంచులు లేచిపోయేవి. స్నానానికి చేతికి ప్లాస్టిక్ సంచి చుట్టుకోవాలి. ఇవన్నీ ముందే చెప్పారు, ఓర్చుకున్నాను.

చెప్పనిది ఒకటుంది.

లైను వేసిన 19వ రోజు పొద్దున జాకెట్టు తొడుక్కుంటుంటే కుడి చెయ్యి సగంలో బిగుసుకుంది. అది నేనే కుట్టుకున్న జాకెట్టు. ఉతికితే కుంచించుకుపోయిందేమో అనుకున్నాను, కానీ ఎడమ చెయ్యి ఎప్పటిలాగే వదులుగా ఉంది. టేపు తీసి రెండు దండలూ కొలిచాను. ఎడమ 11 అంగుళాలు, కుడి 12 దాటింది. నొప్పి పెద్దగా లేదు. చెయ్యి బరువుగా ఉంది, చంకలో లాగుతోంది. అద్దంలో చూస్తే కుడి భుజం మీద నీలి సిరలు పైకి తేలి ఉన్నాయి.

దగ్గర్లో ఒకచోట చూపిస్తే కుట్టుపని వల్ల కండ పట్టేసిందని, ఉప్పు కాపడం పెట్టి నూనె రాయమన్నారు. నమ్మి రెండు రోజులు పోగొట్టాను. ఆ రెండు రోజులు తలచుకుంటే నాకిప్పటికీ కోపం, భయం రెండూ కలుగుతాయి. మూడో రోజు కర్నూలులో డాప్లర్ స్కాన్ (సిరల్లో రక్తం పారే తీరు చూసే పరీక్ష) తీస్తే చంక నుంచి మెడ ఎముక కింది సిర దాకా రక్తం గడ్డకట్టి ఉంది. ఆ గడ్డలో ముక్క విడిపోయి ఊపిరితిత్తికి చేరితే ప్రాణానికే ముప్పు.

లైను తీసేస్తారనుకున్నాను. తీయలేదు. మందు సాఫీగా పోతోంది, కొన సరైన చోటే ఉంది, చీము పట్టలేదు, ఇంకా కీమో ఉంది, కాబట్టి ఉంచి గడ్డకు మందు ఇస్తామన్నారు. ఎనాక్సాపారిన్ ఇంజెక్షను 60 మిల్లీగ్రాములు, 12 గంటలకొకటి, పొట్ట మీద. చర్మాన్ని రెండు వేళ్లతో మడత పట్టి సూది నిలువుగా దించాలి, మందు నింపి వచ్చే ఆ సిరంజిలోని గాలి బుడగను బయటికి తోయకూడదు, తీశాక రుద్దకూడదు. అయినా పొట్టంతా నీలి మచ్చలే. నెల తరువాత అపిక్సబాన్ మాత్రలకు మార్చారు. కీమోకు ప్లేట్‌లెట్లు పడిపోతాయి, 50,000 కంటే తగ్గితే రక్తస్రావం భయంతో ఈ మందు తగ్గించడమో ఆపడమో చేయాలి. అందుకే ప్రతి విడతకూ ముందు ఆ లెక్క చూసేవారు.

క్యాన్సరు రక్తాన్ని గడ్డకట్టే వైపు నెడుతుందని ఫ్రాన్సు వైద్యుడు ట్రూసో 1865లోనే చెప్పాడట. దానికి కీమో తోడవుతుంది. గొట్టం సిర గోడను ఒరుసుకుంటూ రక్తానికి అడ్డుగా ఉంటుంది. గొట్టం ఎంత లావైతే ముప్పు అంత ఎక్కువ. నాకు వేసింది రెండు దారుల లైను. ఒక దారిది సన్నగా ఉంటుంది, నా మందులకు అది సరిపోయేదని తరువాత తెలిసింది. వేయకముందే ఆ మాట అడగండి. గడ్డకట్టకుండా ముందుజాగ్రత్తగా లైనున్న అందరికీ మందు ఇవ్వరు, ఇస్తే రక్తస్రావం భయం. అంటే వాపును కనిపెట్టి ఉండటమే మన చేతిలో ఉన్న పని. అలాంటప్పుడు చెయ్యి ఉబ్బితే వెంటనే రమ్మని లైను వేసిన రోజే ఒక్క మాట చెప్పాలి కదా!

వార్డులో ఒకామెకు ఛాతీ చర్మం కింద పోర్టు పెట్టారు, అంటే సిరలోకి వెళ్లే గొట్టానికి కలిపిన చిన్న డబ్బీ, మందు ఎక్కించేటప్పుడు దానిలోకి సూది గుచ్చుతారు. బయట గొట్టం వేలాడదు, సూది తీశాక హాయిగా స్నానం చేస్తుంది. గడ్డకట్టే ముప్పు పిక్ లైను కంటే పోర్టుకు తక్కువ. కానీ ఖర్చు ఎక్కువ, పెట్టడానికీ తీయడానికీ చిన్న కోత తప్పదు. నెలల తరబడి కీమో ఉందంటే, డబ్బు కుదిరితే నేను పోర్టే అడుగుతాను.

వార్డులో కొత్తగా లైను వేయించుకున్న ముగ్గురికి నా సంచిలోని టేపులు ఇచ్చాను. మోచేతి మడత నుంచి నాలుగు అంగుళాలు పైన పెన్నుతో గుర్తు పెట్టి, రోజూ పొద్దున అక్కడే రెండు చేతులూ కొలిచి రాసుకోమన్నాను. ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా కొలతల కోసం కూడా ఆగవద్దన్నాను.

చివరి విడత అయ్యాక లైను తీశారు. లాగుతుంటే నొప్పి తెలియలేదు. మళ్లీ డాప్లర్ తీసి గడ్డ కరిగిందని మాత్రలు ఆపారు. కుడి చెయ్యి ఇప్పటికీ అర అంగుళం లావుగానే ఉంది. నా జాకెట్లకు ఆ చేతి కుట్టు వదులుగా వేసుకుంటున్నాను.