వేసవి శని, ఆదివారాల్లో నగర నడక: భువనేశ్వరా, విశాఖా, ఏది మేలు?

మా బరంపురం స్టేషన్‌లో ఉత్తరం వైపు రైలెక్కితే దాదాపు 166 కిలోమీటర్లకు భువనేశ్వర్, దక్షిణం వైపు ఎక్కితే దాదాపు 277 కిలోమీటర్లకు విశాఖపట్నం వస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమై మా గంజాం మద్రాసు నుంచి విడిపోయిన తరువాత ఇక్కడి తెలుగు కుటుంబాలకు రెండు వైపులా రాకపోకలు మిగిలాయి. ప్రభుత్వ కార్యాలయాల్లో పని పడితే అటు, చుట్టాల ఇంట శుభకార్యం వస్తే ఇటు వెళ్తాము. అయితే వేసవి సెలవుల్లో ఒక శనివారం, ఒక ఆదివారం చేతిలో ఉంచుకుని, పిల్లలకూ పెద్దలకూ ఒక పెద్ద నగరాన్ని కాలినడకన చూపించాలంటే ఏ వైపు రైలెక్కాలన్నది మా ఇంట్లో ఏటా చర్చకు వస్తుంది. కలకత్తా పేరు కూడా వినిపిస్తుంది కానీ, 600 కిలోమీటర్లు దాటిన ప్రయాణానికి రెండు రోజులు చాలవు కనుక దానిని పక్కన పెట్టాను.

ఈ రెండు నగరాలనూ మే నెలలోనే నడిచి చూసిన మీదట, చూడవలసిన వాటి జాబితా కంటే ముందు ఎండ ఏ దిక్కు నుంచి పడుతుందో, గాలి ఏ వేళకు లేస్తుందో తెలుసుకోవాలన్నది నా అభిప్రాయం. విశాఖ బీచ్ రోడ్డు తూర్పు సముద్రానికి ఎదురుగా ఉంది. వేసవిలో ఐదున్నర అయ్యేసరికే సూర్యుడు నీళ్ల మీద నుంచి నేరుగా ముఖాన కొడతాడు, ఆ దారిలో తల దాచుకునే నీడ తక్కువ. పైగా నేల వేడెక్కితే తప్ప సముద్రపు గాలి బలపడదు కాబట్టి, తెల్లవారి గాలి ఆడక ఒళ్లంతా జిడ్డుగా చెమట పట్టి ఆరదు. అదే సాయంత్రం ఐదు దాటితే ఎండ మేడల వెనక్కీ కొండల వెనక్కీ తగ్గుతుంది, రోడ్డు మీద నీడ పరుచుకుంటుంది, గాలి హాయిగా వీస్తుంది. అందుకే విశాఖను నేను సాయంత్రపు నగరంగానే లెక్కిస్తాను.

భువనేశ్వర్ ఇందుకు పూర్తిగా భిన్నమైనది. సముద్రానికి దూరంగా లోపలికి ఉండటం వల్ల అక్కడ మధ్యాహ్నపు ఎండ 40 డిగ్రీలు దాటడం వేసవిలో మామూలే, 1998లో ఒడిశాలో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా ప్రాణాలు పోయిన సంగతి మా తరం మరచిపోలేదు. సాయంత్రాలను కూడా పూర్తిగా నమ్మలేము, ఎందుకంటే కాలబైశాఖి అనే వేసవి గాలివాన ఒక్కసారిగా విరుచుకుపడి దుమ్ము, ఉరుములు, వాన కలిపి కురిపిస్తుంది. కానీ తెల్లవారి ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా ఆ పాత పట్టణంలో నడిచిన వారికి దొరికేది మరెక్కడా దొరకదని గట్టిగా చెప్పగలను.

మొదట ఏడో శతాబ్దపు పరశురామేశ్వరాలయం దగ్గర మొదలుపెట్టాలి. దాని ముందరి మండపం బల్లపరుపు కప్పుతో ఒక రాతి ఇల్లులా ఉంటుంది. అక్కడి నుంచి కొద్ది అడుగుల్లోనే పదో శతాబ్దపు ముక్తేశ్వరాలయం వస్తుంది. ఎత్తు 35 అడుగులు మించని ఆ చిన్న గుడి ముందు నిలిచిన రాతి తోరణాన్ని అందరూ ఫొటోలు తీస్తారు, కానీ పిల్లలను మండపం గోడకున్న జాలీ కిటికీ దగ్గరకు తీసుకెళ్లండి. ఆ కిటికీ చుట్టూ అరచేతి పాటి బొమ్మల్లో కోతులు చేసే చేష్టలను మా చిన్నవాడు అరగంట సేపు వేలు పెట్టి లెక్కపెట్టాడు. తరువాత బిందుసాగరం చెరువు వైపు నడిస్తే దాదాపు 180 అడుగుల లింగరాజ ఆలయ శిఖరం కనిపిస్తుంది, అది పదకొండో శతాబ్దానిది. నాలుగు వందల ఏళ్లలో గుడి గోపురం ఎలా పెరిగిందో రెండు, మూడు కిలోమీటర్ల నడకలో, అదీ వరుస క్రమంలో, కంటికి కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం గుళ్లు చూసిన మన వాళ్లకు ఈ శిల్పమంతా తెలిసిన ముఖంలాగే తోస్తుంది. ఆకలి వేస్తే చెరువు గట్టునే ఉన్న అనంత వాసుదేవాలయంలో మట్టి కుండల్లో వండిన ప్రసాదాన్ని అరిటాకులో తిని, ఎండ తగ్గేదాకా గదిలో పడుకోవచ్చు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. కొన్నేళ్ల క్రితం మేము ఆలస్యంగా లేచి, తొమ్మిదిన్నరకు ఒక గుడి ప్రాంగణంలోకి చెప్పులు విడిచి వెళ్లాము. పది అడుగులు వేసేసరికే మా అత్తగారు ఆ కాలిన బండల మీద నిలవలేక గోడ నీడలోకి పరుగెత్తారు, అరికాళ్లు కందిపోయి ఆ రోజంతా కొబ్బరినూనె రాసుకుంటూ గదిలోనే ఉండిపోయారు. ఆ తప్పు పూర్తిగా నాదే, వేళ తప్పితే ఆ నడక పెద్దవాళ్లకు శిక్ష అవుతుందని నేను ముందే ఆలోచించవలసింది.

విశాఖలో ఈ బాధ లేదు, కానీ అక్కడ చూడవలసినవి దూరదూరంగా ఉన్నాయి. వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్, టౌన్ హాల్, రాస్ హిల్ చూసి, బీచ్ రోడ్డు మీద కురుసుర జలాంతర్గామి దాకా ఒకే నడకగా వెళ్తే పిల్లల కాళ్లు పీకుతాయి, మధ్యలో ఆటో తప్పదు. కురుసుర మాత్రం వదులుకోదగినది కాదు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఆ నౌక లోపలి ఇరుకు దారిలో ఒదిగి నడిచినప్పుడే అందులో వారాల తరబడి బతికిన వారి కష్టం అర్థమవుతుంది. అలలు లోపలికి లాగే ఆ తీరంలో పిల్లలను మోకాలి లోతు దాటనివ్వకూడదు.

విశాఖకు నేను మనసారా ఇచ్చే మార్కు మరొకటి ఉంది. మా పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు, తెలుగు ఇంట్లో నోటి మాటగానే మిగిలింది. వన్‌టౌన్ సందుల్లో మా అమ్మాయి ప్రతి దుకాణం దగ్గరా ఆగి, బోర్డు మీది అక్షరాలను కూడబలుక్కుంటూ, "నాన్నా, ఇది వొత్తు 'ళ'నా?" అని అడుగుతూ నడిచింది. కిలోమీటరు నడకకు గంటన్నర పట్టింది, ఒక్క నిమిషం కూడా వృథా అనిపించలేదు.

అయినా రెండు రోజులే ఉన్నప్పుడు, వృద్ధులు వెంట ఉన్నప్పుడు, తెల్లవారి లేచే అలవాటున్న ఇంటికి నేను భువనేశ్వర్‌నే సూచిస్తాను, ప్రయాణం తక్కువ, గుళ్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. అక్షయ తృతీయ నుంచి మూడు వారాల పాటు చందనయాత్ర జరుగుతుంది, సాయంత్రం వేళ బిందుసాగరంలో దేవుణ్ణి పడవ మీద ఊరేగించడం గట్టున కూర్చుని చూడవచ్చు. ఆలస్యంగా లేచే యువకులకూ, పిల్లలకు తెలుగు అక్షరం చూపించాలనుకునే తల్లిదండ్రులకూ విశాఖే మేలు, వారు ఒక రోజు అదనంగా సెలవు పెట్టుకోవాలి.

ఈసారి చందనయాత్ర రోజుల్లో ఒక శనివారానికి భువనేశ్వర్‌కు ఐదు టికెట్లు తీసుకున్నాము, అత్తగారి కోసం రెండు జతల నూలు మేజోళ్లు సంచిలో అన్నిటికంటే పైన పెట్టాను.