స్ప్రింగ్ ఎయిర్ రైఫిలా, పీసీపీనా?

ఇన్నాళ్లూ సరదాగా కాల్చింది బ్యారెల్ వంచి లోడ్ చేసే స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌తోనే. ఈమధ్యే గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌లో కొత్త పీసీపీ (ప్రీ-చార్జ్‌డ్ న్యూమాటిక్, అంటే సిలిండర్‌లో ముందే నింపిన గాలితో పేలే ఎయిర్ రైఫిల్) పట్టుకున్నాను. రెండింట్లోనూ అదే 4.5 మి.మీ. పెల్లెట్ (చిన్న గుండు), అదే 10 మీటర్ల దూరం. ట్రిగ్గర్ నొక్కాకే తేడా తెలిసేది.

స్ప్రింగ్ రైఫిల్లో పెల్లెట్ బ్యారెల్ దాటేలోపే బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది. దాంతో రైఫిల్ ఒకసారి వెనక్కి, వెంటనే ముందుకు కుదుపుతుంది. గట్టిగా బిగించి పట్టుకున్నారో, గురి చెదిరిపోతుంది. ఎడమ అరచేతి మీద వదులుగా, ప్రతిసారీ ఒకే చోట ఆనించాలి.

పీసీపీలో ఆ కుదుపు దాదాపు లేదు. సిలిండర్‌లో 200 బార్ పీడనం దాకా నింపిన గాలిలోంచి వాల్వ్ కొంచెం వదులుతుంది, అంతే. కాల్చాక కూడా గురి చూసే సైట్ రింగులో నల్లటి టార్గెట్ అలాగే నిలిచి కనిపిస్తుంది. ఎంత సంతోషమేసిందో! గురి తప్పితే లోపం ఊపిరిలోనా, వేలిలోనా అన్నది అక్కడే తెలిసిపోతుంది. టార్గెట్ మధ్యలోని పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే మరి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లోనే.

ఖర్చు మాత్రం పీసీపీకే ఎక్కువ. రైఫిల్ కొంటే సరిపోదు, గాలి నింపే పంపు కూడా కావాలి. సిలిండర్‌కి గడువు తేదీ ఉంటుంది. స్ప్రింగ్‌కి పెల్లెట్ల డబ్బా చాలు.

పోటీల ఆలోచన ఉంటే నేరుగా పీసీపీకే వెళ్లండి. ఎప్పుడో ఓ ఆదివారం కాల్చేవాళ్లు మాత్రం సొంతానికి స్ప్రింగే కొనుక్కుని, పీసీపీని రేంజ్‌లో వాడుకోవడం మేలు.