ప్రపంచ బ్యాంకు గణాంక వేదిక: పెట్టుబడుల రేఖ చెప్పేదెంత, దాచేదెంత

ఒక వర్ధమాన దేశంలో పెట్టుబడులు ఎప్పుడు ఊపందుకున్నాయో, ఎప్పుడు కుంగాయో దశాబ్దాల పొడవునా చూడదలచిన విద్యార్థికీ, పాత్రికేయుడికీ ప్రపంచ బ్యాంకు 2010 నుంచి ఉచితంగా అందిస్తున్న గణాంక వెబ్‌సైటు చాలా ఉపయోగపడుతుంది. రుసుము లేదు, లాగిన్ అక్కరలేదు. ‘స్థూల స్థిర మూలధన కల్పన’ (యంత్రాలు, కట్టడాల వంటి స్థిరాస్తులపై ఏటా పెట్టే పెట్టుబడి) సూచీని ఎంచుకుని భారతదేశం పేరు ఇస్తే 1960ల నుంచి రేఖాచిత్రం కనిపిస్తుంది. పక్కన చైనాను చేర్చవచ్చు, అంకెలను ఎక్సెల్‌లోకి దించుకోవచ్చు. అరబిక్, చైనీస్ సహా ఐదు భాషల్లో లభించే ఈ సైటు ఏ భారతీయ భాషలోనూ లేకపోవడం మాత్రం వెలితే.

సూచీ కింద ఇచ్చిన నిర్వచనాన్ని తప్పక చదవాలి. యంత్రాలు, రోడ్లు, రైలు మార్గాలు, ఆసుపత్రులతో పాటు కుటుంబాలు కట్టుకునే ఇళ్లు కూడా ఇందులోకి వస్తాయి కాబట్టి, రేఖ పైకి లేచినంత మాత్రాన కర్మాగారాలు వెలిశాయని అనుకోరాదు. షేర్ల కొనుగోలు, బ్యాంకు డిపాజిట్లు దీని లెక్కలోకి రావు.

అసలు చిక్కు వార్షిక వృద్ధి రేటు దగ్గర వస్తుంది. 2020లో ఈ రేఖ సున్నా కిందికి దిగి, మరుసటి ఏడాదే రెండంకెలకు ఎగబాకింది. అది చూసి పెట్టుబడుల వెల్లువ వచ్చిందనుకుంటే పొరపాటు. పడిన చోటు నుంచి లేవడమే అందులో చాలా భాగం. పైగా మన ఆర్థిక సంవత్సరాన్ని ఈ సైటు అది మొదలైన సంవత్సరం కింద చూపుతుంది కనుక, 2020 అంటే 2021 మార్చి వరకు అని గుర్తుంచుకోవాలి. అందుకే వృద్ధి రేటును ఒంటరిగా చూడకుండా, జీడీపీలో శాతంగా ఇచ్చే మరో సూచీని పక్కనే తెరవాలి. 2007 ప్రాంతంలో 35 శాతం దాటిన వాటా 2016 నాటికి 28 శాతం దరిదాపులకు జారిందని, ఆ పదేళ్లలో వృద్ధి రేటు ఎక్కువ సంవత్సరాలు సున్నా పైనే ఉన్నా జీడీపీ వేగాన్ని అందుకోలేకపోయిందని అప్పుడు గాని బోధపడదు.

ఈ జారుడుకు కారణాలు సైటులో దొరకవు. ఉక్కు, విద్యుత్, రహదారుల కంపెనీలు పెట్టుబడులు పొంగిన కాలంలో మోయలేనన్ని అప్పులు చేయడం, అవి మొండి బకాయిలుగా మారి బ్యాంకుల చేతులు కట్టేయడం, 2014లో సుప్రీంకోర్టు బొగ్గు గనుల కేటాయింపులను రద్దు చేయడం అందులో కొన్ని. కృష్ణా-గోదావరి బేసిన్ గ్యాస్‌ను నమ్ముకుని గోదావరి జిల్లాల్లో కట్టిన విద్యుత్ కేంద్రాలు గ్యాస్ అందక ఏళ్ల తరబడి పడావు పడ్డాయి. వాటిపై పెట్టిన ప్రతి రూపాయీ కట్టిన ఏడాది మూలధన కల్పనగా నమోదైంది. ఆ తర్వాత టర్బైన్ తిరిగిందా లేదా అన్నది ఈ సూచీకి పట్టదు.

పెట్టుబడి ఎవరిదన్న ప్రశ్నకూ ఈ మొత్తం అంకెలో జవాబు ఉండదు. ప్రభుత్వ పెట్టుబడి సంగతే చూస్తే, 2019-20లో సుమారు 3.4 లక్షల కోట్ల రూపాయలున్న కేంద్ర మూలధన వ్యయానికి 2024-25 బడ్జెట్ 11.11 లక్షల కోట్లు కేటాయించింది. (రాష్ట్రాలకు ఇచ్చే రుణాలు కూడా అందులో ఉన్నాయి కాబట్టి దాన్నంతటినీ మూలధన కల్పనగా లెక్కించలేము.) ప్రభుత్వం, ప్రైవేటు కంపెనీలు, కుటుంబాలు అనే విభజన కోసం కేంద్ర గణాంక శాఖ జాతీయ ఖాతాల పట్టికలను ఆశ్రయించాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల అంకెలు విడిగా కావాలన్నా ఈ సైటు పనికిరాదు.

దేశాల మధ్య పోలికకూ, దీర్ఘకాలిక ధోరణికీ దీన్ని నిస్సందేహంగా సిఫారసు చేస్తాను; నిరుటి అంకెపై వాదించడానికి మాత్రం కాదు. మన జాతీయ ఖాతాల అంచనాలను పలుమార్లు సవరిస్తారు, ధరల పోలికకు ప్రాతిపదికగా తీసుకునే ఆధార సంవత్సరాన్నీ మారుస్తారు. దించుకున్న ఫైలుపై తేదీ రాసి ఉంచుకుంటే, పాత అంకెతో తేడా వచ్చినప్పుడు బ్యాంకు భద్రపరిచే పాత సంచికల్లో సరిచూసుకునే వీలుంటుంది.