కాస్ పిచ్చోడితో వరంగల్, చేర్యాల

మా అక్క కొడుకు ఫైన్ ఆర్ట్స్ చదువుతుండు, వానికి కాస్ అనే అమెరికా ఆర్టిస్ట్ అంటే పిచ్చి, ఫోన్ వాల్‌పేపర్, బ్యాగు కీచెయిన్ అన్నీ ఆ కండ్ల కాడ ఎక్స్ గుర్తులుండే మిక్కీ లాంటి బొమ్మే. అసలు పేరు బ్రయాన్ డానెలీ, జెర్సీ సిటీలో పుట్టిండు, మొదట్ల గోడల మీద గ్రాఫిటీ ఏసేటోడు, బస్టాపుల్ల యాడ్ పోస్టర్లు తీస్కపోయి మోడల్ మొఖం మీద పుర్రె గీసి మల్ల అదే డబ్బాల పెట్టొచ్చేటోడు. తర్వాత సింప్సన్స్ అనే టీవీ కార్టూన్‌ను తన తీరుగ మార్చి కింప్సన్స్ చేసిండు, 2005ల గీసిన అసొంటి పెయింటింగ్ ఒకటి 2019ల హాంకాంగ్ల సదబీస్ అనే వేలం కంపెనీ పెట్టిన వేలంల 11.59 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పోయింది, మన పైసల్ల వంద కోట్లు. కార్టూన్‌కు వంద కోట్లా అని నేను, కార్టూన్ కాదు మామా అని వాడు, కాజీపేట దాకా ట్రైన్ల ఇదే పంచాయితి.

హన్మకొండ బస్టాండ్ దగ్గర లాడ్జ్ తీస్కున్నం. బెడ్‌షీట్లు నీట్‌గనే ఉన్నయి గానీ గీజర్ ఉత్తదే, అడిగితే "వస్తయి సార్" అంటరు, నీళ్ళు మాత్రం వేడిగ రావు. రోడ్డు దిక్కు రూమ్ ఇస్తే మాత్రం వద్దనుండ్రి, తెల్లార్లూ హారన్లే. వేయిస్తంభాల గుడి, కోట పొద్దుగాలనే చూసేస్తే ఎండ తప్పుతది. రామప్పకు టైమ్ సరిపోలే.

అసలు ట్రిప్ గుడ్డ మీద కథలు గీసే పటాల ఊరు చేర్యాలనే. ఇప్పుడు సిద్దిపేట జిల్లా, ఒకప్పుడు వరంగల్లనే ఉండె. జనగామల దిగి బస్సెక్కినం, బస్సులు గంటల తరబడి రావు కాబట్టి ఓపిక ఉండాలె. ఈ పటాలు గీసే నకాషీల ఇంట్ల ఒక పెద్దాయన ఖద్దరు గుడ్డ చూపిచ్చిండు, గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూస్తరంట, ఏలు పెట్టి చూస్తే గోడ లెక్క గట్టిగ, నున్నగ ఉంది. దాని మీద ఎర్ర రంగు నింపి కథ గీస్తరు. పాత పటాలు నలభై అడుగులు దాటేటియి, కథలు చెప్పే కూనపులోళ్ళు పద్మశాలీల ఊర్లల్ల విప్పుకుంట మార్కండేయ పురాణం చెప్పేటోళ్ళు. కథ ఇనేటోళ్ళందరికీ ముందే ఎరుకే కదా, అయినా ఎదురుచూసేటోళ్ళు, మావోడి కాస్ కూడా తెల్సిన మొఖాలతోనే బతుకుతుండు, ఈ ఒక్క మాట దగ్గర వాడూ నేనూ కలిసినం. ధరల దగ్గర కలవలే, ఎందుకంటే రెండు వారాలు కూసొని గీసిన పటానికి ఈయన చెప్పిన రేటు వాని కీచెయిన్ కంపెనీ బొమ్మల కన్నా తక్కువ.

పక్కన మాస్కులు ఆరబెట్టిండ్రు, రంపపు పొట్టు, చింతగింజల జిగురుతోని చేసినయి, పెద్ద పెద్ద కండ్లు, పసుపు మొఖాలు. మావోడు ఆగలేక, తాతా, ఒకదానికి కండ్ల కాడ ఎక్స్ గీస్తరా అన్నడు. పెద్దాయన ఫోన్ల బొమ్మ చూసి, "కొట్టేసినట్టు కావాల్నా బిడ్డా, గీస్త గానీ రెండొందలు ఎక్కువైతది" అన్నడు. బేరం ఆడలే. కొరియర్‌ల పంపుతమన్నరు, ప్యాకింగ్ బాగనే చేసిండ్రు, ఓ చెవి దగ్గర ఇంత రంగు లేచింది అంతే. పోయేటోళ్ళు ఆదివారం కాకుంట పోండ్రి, చేతుల నగదు ఉంచుకోండ్రి, మాకు సిగ్నల్ లేక యూపీఐ రెండుసార్లు ఫెయిలైంది.