సమశిరస్సు ఎక్కడుందో మెడ మరిచిపోతే: వర్చువల్ రియాలిటీ మెడ వ్యాయామాలతో నా పద్నాలుగు రోజులు

ఆ ఫిజియోథెరపీ కేంద్రం పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసినవి ఉన్నాయి, కోపం తెప్పించినవీ ఉన్నాయి. రెండో రకానికి యంత్రమూ ఒక కుర్రవాడి తొందరా ఎక్కువ కారణం కాబట్టి పేరు పెట్టి తిట్టడం నాకు ఇష్టం లేదు. విజయవాడలో ఉంది. రెండో అంతస్తు, లిఫ్టు ఉంది. కళ్లు తిరిగేవాళ్లు వెళ్లే చోట లిఫ్టు ఉండటం చిన్న సంగతి కాదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా కూచిపూడి నేర్పుతున్నాను. పోయిన ఏడాది మచిలీపట్నం నుంచి వస్తుంటే గేదె అడ్డం వచ్చిందని బస్సు డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు వేశాడు. నిద్రలో ఉన్నాను. తల ముందుకు వెళ్లి వెనక్కి వచ్చింది. దెబ్బేమీ తగల్లేదు. రెండు రోజులు మెడ పట్టేసి వదిలింది. మూడో వారంలో, పిల్లలకు మెడను కుడి ఎడమలకు కదిపే పరివర్తిత గ్రీవ చూపిస్తుండగా, కాళ్ల కింద నేల ఒక పక్కకు జారినట్టయింది. గది తిరగలేదు, నేనే తూలాను, పడవలో నిలబడినట్టు. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చూసిన ప్రతి డాక్టరూ మొదట అడిగింది అదే: గది తిరిగిందా, మీరు తూలారా?

నాలుగు నెలలు తిరిగాను. చెవి డాక్టరు గారు మంచం మీద కూర్చోబెట్టి, తల పక్కకు తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి నా కళ్లలోకి చూశారు. లోపలి చెవిలో ఉండే సన్నటి స్ఫటికాలు చోటు తప్పితే ఆ సమయంలో కనుగుడ్లు అదురుతాయట. నావి అదరలేదు. వినికిడి బాగుంది. న్యూరాలజిస్టు ఎమ్మారై తీయించి, వయసుకు తగ్గ అరుగుదల తప్ప ఏమీ లేదన్నారు. పడుకుని ఒకసారి, లేచి నిలబడి ఒకసారి బీపీ చూశారు. మా వదిన మాత్రం పైత్యమని తేల్చేసి, చాలదన్నట్టు తన పాత మెడ పట్టీ తెచ్చి నాకు తగిలించింది. ఐదు వారాలు పెట్టుకున్నాను. మెడ కర్రలా తయారైంది.

చివరికి ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపారు. పాతికేళ్లు దాటినట్టు లేదు ఆ అమ్మాయికి, కానీ నేను చూసినవాళ్లందరిలో విషయం నాకు అర్థమయ్యేలా చెప్పింది తనే. మనిషి నిటారుగా ఉన్నాడా ఒరిగాడా అన్న కబురు మెదడుకు మూడు చోట్ల నుంచి అందుతుంది: కళ్లు, లోపలి చెవి, కాళ్లూ మెడా కలిపిన ఒళ్లు. పుర్రె అడుగున, మెడ మొదట్లో వేలెడు పొడవు కూడా లేని కండరాలు ఉన్నాయి. తల ఎటు తిరిగిందో చెప్పే గ్రాహకాలు వాటిలో చాలా దట్టంగా ఉంటాయి. అవి బిగిసినా, కుదుపుకు చెడినా తప్పుడు కబురు పంపుతాయి. కళ్లు ఒకటి, మెడ ఇంకొకటి చెబితే మెదడు తికమకపడుతుంది, మనం తూలుతాం. 1955లో రయాన్, కోప్ అనే ఇద్దరు దీనికి మెడ వల్ల వచ్చే తల తిరుగుడు అని అర్థం వచ్చే పేరు పెట్టారట. దీన్ని తేల్చిచెప్పే పరీక్ష ఇప్పటికీ ఒక్కటీ లేదు. చెవి కాదు, మెదడు కాదు, గుండె కాదు అని ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే మిగిలేది ఇది. అసలు ఇలాంటి జబ్బు ఉందా అని సందేహించే డాక్టర్లూ ఉన్నారని ఆ అమ్మాయే చెప్పింది. దాచకుండా చెప్పినందుకు అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

మొదటి రోజు పరీక్ష నా గర్వాన్ని కాస్త కోసింది. తలకు రబ్బరు పట్టీ, దాని మీద చిన్న లేజర్ లైటు. ఎదురు గోడకు వలయాలు గీసిన కాగితం, తల నుంచి సరిగ్గా 90 సెంటీమీటర్ల దూరంలో. ఎర్ర చుక్కను నడిమధ్యలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, తల కుడికి తిప్పి, మళ్లీ మధ్యకు వచ్చానని నాకు అనిపించిన చోట ఆగాలి. అంతే. మేం పాటించే అభినయదర్పణంలో శిరోభేదాలు తొమ్మిది. మొదటిది సమం, అంటే తల ఎటూ వంగకుండా నిలిపి ఉంచడం. చేరిన రోజున పిల్లలకు చెప్పేది అదే. నవ్వుకుంటూ కళ్లు మూసుకున్నాను.

కళ్లు తెరిచేసరికి చుక్క మధ్య నుంచి బెత్తెడుకు పైగా ఎడంగా ఉంది. టేపు పెట్టి కొలిచింది: 11 సెంటీమీటర్లు. ఏడు దాటితే, అంటే కోణంలో నాలుగున్నర డిగ్రీలు దాటితే, మెడ తప్పు చెబుతున్నట్టు లెక్క. మళ్లీ మళ్లీ చేయించి సగటు తీసింది. పెద్దగా మారలేదు. ముప్పై ఏళ్లుగా పిల్లల గడ్డం పట్టుకుని “ఇదమ్మా సమం” అని సరిచేసినదాన్ని. ఎంతమంది తలలు వంకరగా నిలబెట్టానో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. (పాత ఫోటోలు తీసి చూశాను. కుదుపుకు ముందువన్నీ బాగానే ఉన్నాయి.)

ఆ తర్వాత 25 ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చారు. ఒక్కొక్క దానికి అవును, ఒక్కోసారి, కాదు. నాలుగు, రెండు, సున్నా మార్కులు. ఎక్కువ వస్తే ఎక్కువ ఇబ్బంది. ఒక ప్రశ్నలో ఆటలు, నాట్యం, ఊడ్చడం, గిన్నెలు సర్దడం అన్నీ ఒకే వరసలో పెట్టేశారు. నాకు నవ్వు వచ్చింది, అన్నిటికీ కలిపి అవునన్నాను. మొత్తం 52 వచ్చింది.

ఇక హెడ్‌సెట్ సంగతి, అంటే కళ్లకు కట్టుకుంటే ఎటు చూసినా బొమ్మల లోకం కనిపించే పెట్టె. రంగస్థలం మీద తలసామాను బరువు మోసిన తలే కదా అనుకున్నాను. కానీ తలసామాను బరువు తల మీద సర్దుకుంటుంది, ఇది మొత్తం ముఖం మీద వేలాడుతుంది. అర కిలో ఉంటుంది. తల బరువే నాలుగున్నర, ఐదు కిలోలు. ఉన్న నొప్పికి తోడు ముందుకు లాగే అర కిలో అంటే మెడ వెనక కండరాలకు అదనపు చాకిరీ. మొదటి రెండు రోజులు ఇంటికి వచ్చాక మెడ నొప్పి పెరిగింది. మూడో రోజు వెనక పట్టీకి చిన్న బరువు కట్టి సరిచేశారు. ఆ పని మొదటి రోజే చేయవచ్చు కదా అని అడిగాను. సమాధానం రాలేదు. ముఖానికి ఆనే స్పాంజి సంగతి ఇంకా ఘోరం. నాకు ముందు ఎవరు పెట్టుకున్నారో వారి చెమట వాసన. తడి కాగితంతో తుడుస్తారు, అది చాలదు. మే నెల విజయవాడ చెమట తెలిసినవాళ్లకు వివరించనక్కర్లేదు. నేను పాత నూలు చీర చింపి, కళ్ల చోట కత్తిరించి, నా తొడుగు నేనే కుట్టుకుని తీసుకెళ్లాను. తర్వాత వాళ్లే అందరికీ ఒకసారి వాడి పారేసే తొడుగులు ఇవ్వడం మొదలుపెట్టారు.

పెట్టుకున్నాక మాత్రం, నిజం చెప్పాలి, నేను కాసేపు చిన్నపిల్లనైపోయాను. మొదటి ఆటలో ఎదురుగా ఆకాశం, ఒక విమానం. తల ఎటు తిప్పితే విమానం అటు వెళుతుంది. గాలిలో తేలే బంతులకు దాన్ని తగిలించాలి. ఇజ్రాయెల్‌లోని హైఫా విశ్వవిద్యాలయంలో హిల్లా సరిగ్ బహత్ అనే ఫిజియోథెరపీ పరిశోధకురాలు మెడనొప్పి ఉన్నవాళ్ల కోసం ఇలాంటి విమానం ఆట తయారు చేయించి పరీక్షించారని ఆ అమ్మాయి చెప్పింది. ఇది కూడా ఆ పోలికదే. బంతి తగిలినప్పుడు టంగుమని మోగుతుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. “అమ్మా, కుడికి తిప్పండి” అంటే నేను 40 డిగ్రీల దగ్గర ఆగిపోయేదాన్ని. నొప్పి వల్ల కాదు, ఆ తర్వాత తూలుతానేమోనన్న భయం వల్ల. బంతి వెంట పడినప్పుడు అదే మెడ 58 వరకు వెళ్లిందని తెర మీద చూపించింది. నేను నమ్మలేదు. మామూలు మనిషి 70, 80 తిప్పగలడు. యంత్రం మెడకు కొత్తగా బలమేమీ ఇవ్వలేదు, నా ధ్యాస మెడ మీద నుంచి తీసేసింది, అంతే. కోణమే కాదు, ఎంత వేగంగా తిప్పానో కూడా కొలుస్తుంది. భయపడిన మెడ ముందు నెమ్మదిస్తుందట. నాది ఎద్దుబండిలా కదిలేది. ఐదో రోజుకు ఆటో వేగం వచ్చింది.

ఆరో రోజు చెడింది. ఆ అమ్మాయి పక్క గదిలో ఇంకొకరిని చూస్తోంది. సహాయకుడు, కొత్తగా చేరిన కుర్రవాడు, “మీరు బాగా ఆడుతున్నారు మేడమ్” అంటూ నన్ను అడగకుండా పడవ ఆటకు మార్చాడు. విమానం ఆటలో లోకం నిలకడగా ఉండి నా తల కదిలేది. పడవ ఆటలో నేను కుర్చీలో కదలకుండా ఉంటాను, లోకమే ఊగుతుంది. పైగా ఆ రోజు బొమ్మ ఆగి ఆగి వస్తోంది. తల తిప్పాక బొమ్మ రావడం సెకనులో యాభయ్యో వంతు దాటి ఆలస్యమైతేనే ఒంటికి తేడా తెలుస్తుందంటారు. నాకైతే కంటికే కనిపించేంత ఆలస్యం. నాలుగు నిమిషాలకు బకెట్ అడిగాను. ఆ సాయంత్రం క్లాసు మానేశాను, మర్నాడు మధ్యాహ్నం వరకు మంచం దిగలేదు. ఆరోగ్యవంతులకే ఇలాంటి పెట్టెలు పెట్టుకుంటే వికారం వస్తుంది. తల తిరుగుతుందని వచ్చిన మనిషికి ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణ లేకుండా పెట్టడం తప్పు. ఆ అమ్మాయి ఫోన్ చేసి క్షమాపణ చెప్పింది, ఆ రోజు డబ్బు తీసుకోలేదు. ఆ తర్వాత ఒక నియమం పెట్టుకున్నాం: వికారం పదిలో నాలుగు దాటితే ఆపేయాలి, పూర్తిగా తగ్గాకే మళ్లీ. ఒక్కో విడత మూడు నిమిషాలు, మధ్యలో కిటికీ బయటికి చూపు.

చివరి రోజుల్లో సూపర్‌మార్కెట్ దృశ్యం. రెండు పక్కలా ఎత్తైన అరలు, మధ్యలో నడుస్తూ సరుకులు వెతకాలి. అరల మధ్య నడిచినప్పుడు తూలడం ఈ జబ్బులో మామూలే. ఆ కాగితంలో దానికి విడిగా ఒక ప్రశ్న కూడా ఉంది. కానీ ఆ దుకాణం ఎవరిదో విదేశీయులది. మనిషి మనిషికి ఆరడుగుల ఎడం, డబ్బాలన్నీ ముఖం మన వైపు తిప్పుకుని క్రమశిక్షణగా నిలబడి ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి బీసెంట్ రోడ్డులో నడవడానికి ఇది సాధన ఏమిటి? ఆ మాట అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, “అయితే ఆ రోడ్డుకే వెళదాం” అని ఒక శనివారం నిజంగానే తీసుకెళ్లింది. పళ్ల బండ్ల మధ్య, తల అటూ ఇటూ తిప్పుతూ, దుకాణాల బోర్డులు చదువుతూ నడిపించింది. పద్నాలుగు రోజుల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చిన అరగంట అదే, దానికి హెడ్‌సెట్ లేదు.

ఇంకోటి. ప్రతిసారీ పదిహేను నిమిషాలు చేత్తో మెడ మొదలు సడలించేది. ఇంటి దగ్గర గోడకు ‘అ’ అని రాసిన కాగితం అంటించి, అక్షరం మసకబారకుండా తల తిప్పమంది. గడ్డం లోపలికి లాగి పది లెక్కపెట్టమంది. ఇవి రోజూ చేశాను, పైసా ఖర్చు లేదు. మార్పు దేనివల్ల వచ్చిందో విడదీసి చెప్పమంటే చెప్పలేను. భయం పోగొట్టింది మాత్రం విమానమే, ఆ మార్కు దానికి ఇచ్చి తీరాలి.

రోజుకు 800 రూపాయలు, హెడ్‌సెట్ లేకుండా 500. మొదటి ఎనిమిది రోజులకు ఆ 300 తేడా ఇవ్వవచ్చు. తర్వాత రోజులకు నాకైతే అనవసరం అనిపించింది. లేజర్ పరీక్షలో ఇప్పుడు 4 సెంటీమీటర్లు. కాగితం మార్కులు 52 నుంచి 18కి దిగాయి. వానాకాలంలో, నిద్ర చాలనప్పుడు ఇంకా కొంచెం తూలుతాను. పరివర్తిత మళ్లీ నేనే చూపిస్తున్నాను, కాస్త నెమ్మదిగా. సమం సరిచేసేటప్పుడు మాత్రం ముందు అద్దంలో నన్ను నేను చూసుకుంటున్నాను.

వెళ్లాలనుకునేవాళ్లు ముందు చెవి, నరాల డాక్టర్లను చూసి వెళ్లండి. హఠాత్తుగా మాట తడబడటం, ముఖం ఒక పక్కకు జారడం, ఒకటి రెండుగా కనిపించడం ఉంటే ఫిజియోథెరపీ కాదు, నేరుగా ఆసుపత్రికి. నిండు కడుపుతో వెళ్లవద్దు, ఖాళీ కడుపుతోనూ వద్దు, రెండు ఇడ్లీలు చాలు. తిరిగి వచ్చేటప్పుడు స్కూటర్ నడపవద్దు, ఆటో ఎక్కండి. కళ్లజోడు ఉన్నవాళ్లు ముందే చెబితే లోపల పట్టేలా చిన్న చట్రం అమరుస్తారు. ఆడవాళ్లు ముడి వేసుకుని వెళితే వెనక పట్టీ కూర్చోదు. జడ వేసుకుని వెళ్లండి, పూలు బయటికి వచ్చాక పెట్టుకోవచ్చు.