మా పోలోలో అయిదేళ్ళ స్టీరియో: సెట్టు మంచిదే, తిప్పలు పెట్టింది వైరింగే

మా 2012 ఫోక్స్‌వాగన్ పోలో కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు డ్యాష్‌బోర్డులో స్టీరియో ఉండాల్సిన చోట ఖాళీ గూడు ఉంది. పాత ఓనరు తన సెట్టు విప్పేసుకుని బండి అమ్మాడు. 2020లో ఏడంగుళాల టచ్ స్క్రీన్, ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్‌లోని మ్యాపులు, పాటలు తెర మీద చూపించేది) ఉన్న డబుల్ డిన్ సెట్టు, అంటే మామూలు సెట్టుకు రెట్టింపు ఎత్తుండేది, కొని పెట్టించాను. అయిదేళ్ళు దాటింది. ఆ మోడల్ ఇప్పుడు షాపుల్లో దొరకడం లేదు కాబట్టి పేరు చెప్పినా ఉపయోగం లేదు. ఈ తరగతి సెట్లన్నిటి వెనకా దాదాపు అవే రంగుల వైర్లు ఉంటాయి. నేను పడ్డ ఇబ్బందులన్నీ ఆ వైర్ల దగ్గర పడ్డవే. సెట్టులో లోపం ఉందనుకుని రెండుసార్లు వారంటీకి పంపబోయాను. రెండుసార్లూ సెట్టు తప్పేమీ లేదు.

బిగించిన రోజు నుంచి చెబుతాను. కార్ డెకార్స్ షాపులో కుర్రాడు కట్టర్ తీసుకుని కంపెనీ కప్లర్ (వైర్లన్నీ వచ్చి చేరే ప్లగ్గు) కట్ చేయబోతుంటే, "వద్దు తమ్ముడూ, అడాప్టర్ వేసి పెట్టు" అన్నాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే. పోలోలో ఉండేది క్వాడ్‌లాక్ అనే చదరపు కప్లర్. దాన్ని బయటి సెట్లకు సరిపోయే మామూలు ఐఎస్‌ఓ కప్లర్‌గా మార్చే అడాప్టర్ దొరుకుతుంది. వైరు తెగకుండా పని అయిపోతుంది, రేపు సెట్టు మార్చినా బండి వైరింగ్ పుట్టినప్పటిలాగే ఉంటుంది. ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఇదే: అడాప్టర్ లేదంటే ఇంకో షాపుకు వెళ్ళండి, కట్టర్ మాత్రం పట్టనివ్వకండి.

అడాప్టర్ వేశాక అసలు చిక్కు మొదలైంది. సెట్టుకు రెండు పాజిటివ్ వైర్లుంటాయి. పసుపు వైరుకు బ్యాటరీ నుంచి ఎప్పుడూ పన్నెండు వోల్టులు రావాలి. గడియారం, రేడియో స్టేషన్లు, సౌండ్ సెట్టింగులు గుర్తుండేది దానివల్లే. ఎర్ర వైరుకు తాళం తిప్పినప్పుడే కరెంటు రావాలి. సెట్టు మేలుకోవాలో పడుకోవాలో చెప్పేది ఆ ఎర్ర వైరే. పోలో క్వాడ్‌లాక్ కప్లర్‌లో తాళంతో వచ్చే వైరు లేదు. కంపెనీ సెట్టుకు ఆ సమాచారం క్యాన్ బస్ (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైను) ద్వారా అందుతుంది, బయటి సెట్టుకు ఆ భాష తెలియదు. కుర్రాడు కాసేపు టెస్ట్ ల్యాంపుతో వెతికి, దొరకక, ఎర్ర వైరునూ పసుపు వైరునూ కలిపి మెలిపెట్టేశాడు. "బండి దిగేటప్పుడు బటన్‌తో ఆఫ్ చేసుకోండన్నా, చాలు" అన్నాడు. పాట మోగింది, తెర వెలిగింది, నేను డబ్బులిచ్చి వచ్చేశాను.

ఆ సంక్రాంతికి బండిని ఫ్లాట్ సెల్లార్‌లో పెట్టి రైల్లో ఊరెళ్ళాం. నాలుగు రోజుల తర్వాత తెల్లవారుజామున వచ్చి తాళం తిప్పితే టకటకమని చప్పుడు తప్ప సెల్ఫ్ అందుకోలేదు. బ్యాటరీ పాతదైపోయిందనుకుని కొత్తది వేయించాను. మూడు వారాలకు, రెండు రోజులు కదపకుండా పెడితే మళ్ళీ అదే చప్పుడు. అమ్మకు ఒంట్లో బాగాలేక హాస్పిటల్‌కు బయలుదేరిన ఉదయం అది. పక్క ఫ్లాట్ ఆయన జంపర్ కేబుల్స్ తెచ్చి స్టార్ట్ చేయించకపోతే ఆ టెన్షన్‌లో ఏం చేసేవాణ్ణో. మరుసటి ఆదివారం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి ఒక చిన్న మల్టీమీటరు కొన్నాను. ఈ అయిదేళ్ళలో బండి కోసం కొన్నవాటిలో అంతగా అక్కరకొచ్చింది ఇంకేదీ లేదు.

బ్యాటరీని ఎవరు తినేస్తున్నారో పట్టుకోవడం ఇలా. బండి ఆపి, తాళం తీసి, బానెట్ ఎత్తి, నెగటివ్ క్లాంపు విప్పి, క్లాంపుకూ బ్యాటరీ పోలుకూ మధ్య మీటరును పది ఆంపుల రేంజిలో పెట్టాలి. డోర్లన్నీ మూసి అరగంట ఆగాలి. బండిలోని కంప్యూటర్లు ఒక్కొక్కటిగా నిద్రపోవడానికి ఆ మాత్రం సమయం కావాలి. మీటరు అలా ఉండగా పొరపాటున కూడా స్టార్ట్ చేయకూడదు, మీటరు ఫ్యూజు పోతుంది. మామూలుగా యాభై మిల్లీ ఆంపుల లోపు ఉంటే దిగులు లేదు. నాకు అరగంట తర్వాత కూడా 0.28 ఆంపులు చూపించింది. అంటే రోజుకు దాదాపు ఏడు ఆంపియర్ అవర్లు. మా బ్యాటరీ నలభై నాలుగు ఆంపియర్ అవర్లది. నాలుగు రోజులంటే సగానికి పైగా ఖాళీ. సెట్టు ఫ్యూజు లాగగానే అంకె 0.02కు పడిపోయింది. తెర నల్లగా ఉన్నా, ఎర్ర వైరుకు కరెంటు ఉన్నంతసేపూ సెట్టు లోపల మేలుకునే ఉంది.

దీనికి రెండు దారులు. క్యాన్ బస్ అడాప్టర్ వేస్తే బండి సంకేతాన్ని చదివి ఎర్ర వైరుకు కరెంటు తనే ఇస్తుంది. ఖర్చు ఎక్కువ, కానీ పని శుభ్రం. నేను రెండోది ఎంచుకున్నాను. స్టీరింగ్ పక్కన ఫ్యూజ్ బాక్సులో తాళం తీస్తే ఆగిపోయే ఫ్యూజు ఏదో మీటరుతో వెతికి, అక్కడ ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజు చోటు నుంచి ఇంకో వైరు తీసుకునే ముక్క) గుచ్చి, విడిగా చిన్న ఫ్యూజుతో ఎర్ర వైరును దానికి కలిపాను. గంటన్నర పట్టింది. ఆ రోజు నుంచి వారం రోజులు కదపకపోయినా బండి ఒక్క తిప్పుకే స్టార్టవుతోంది. ఒక్క జాగ్రత్త: డ్యాష్‌బోర్డు కింద పసుపు రంగు కప్లర్లు కనబడితే చెయ్యి పెట్టకండి. అవి సాధారణంగా ఎయిర్ బ్యాగులవి, టెస్ట్ ల్యాంపు కూడా తగిలించకూడదు.

ఇలాంటిదే ఇంకొకటి మా ఆఫీసు మిత్రుడి పాత ఫోక్స్‌వాగన్‌లో చూశాను. తాళం తీసినప్పుడల్లా స్టేషన్లూ గడియారం అన్నీ మర్చిపోయేది. పాత ఫోక్స్‌వాగన్ల ఐఎస్‌ఓ కప్లర్‌లో నాలుగో పిన్ను, ఏడో పిన్ను తారుమారుగా ఉంటాయి. అంటే పసుపు ఉండాల్సిన చోట ఎరుపు. చాలా సెట్ల వైర్ల మధ్యలో ఆ రెంటినీ మార్చుకునే చిన్న కప్లర్లు పెట్టేది ఇందుకే. అడ్డంగా మార్చి గుచ్చితే సరిపోయింది, ఐదు నిమిషాల పని.

రేడియో సంగతి. మా నాన్నగారికి ఉదయం ఆకాశవాణి ఎఫ్‌ఎం రెయిన్‌బో 101.9 లేకపోతే ప్రయాణమే సాగదు. ఉప్పల్ దాటకముందే గరగర మొదలయ్యేది. పాత కాలం డొక్కు సెట్లు కూడా ఇంతకన్నా బాగా పట్టేవని ఆయన బాధ. సెట్టును రెండోసారి వారంటీకి పంపబోయింది అప్పుడే. పోలో యాంటెన్నాకు కింద ఒక బూస్టర్ ఉంటుంది, దానికి కరెంటు అదే యాంటెన్నా కేబుల్ గుండా వెళ్ళాలి. మామూలు సెట్టు ఆ కరెంటు పంపదు. అందుకే యాంటెన్నా అడాప్టర్‌కు ఒక నీలం తోక వస్తుంది. దాన్ని సెట్టు నీలం వైరుకు కలపాలి. బెజెల్ (సెట్టు చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం) ఊడదీసి సెట్టు బయటికి లాగితే ఆ నీలం తోక దేనికీ కలపకుండా గాల్లో వేలాడుతోంది. కలిపాక చౌటుప్పల్ దాటేదాకా 101.9 వినబడింది. నాన్నగారు అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు, వింటూనే ఉన్నారు.

ఇక సౌండు. మొదటి ఏడాదంతా బేసు పలచగా, గొంతు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా ఉండేది. ఈక్వలైజర్‌తో ఎన్ని తంటాలు పడ్డా అంతే. ఒక సాయంత్రం బ్యాలెన్సును పూర్తిగా ఎడమకు, తర్వాత పూర్తిగా కుడికి తిప్పి చూస్తే విడివిడిగా రెండూ నిండుగానే ఉన్నాయి. మధ్యకు తెస్తేనే బేసు మాయం. అంటే ఒక స్పీకరుకు ప్లస్ మైనస్ తిరగబడ్డాయన్నమాట. ఒకటి గాలిని ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతుంది, రెండూ కలిసి బేసును చంపేస్తాయి. సెట్టు కప్లర్ తీసేసి, గోడ గడియారంలో వేసే ఒకటిన్నర వోల్టుల సెల్లును స్పీకరు వైర్లకు ఒక్క క్షణం తాకించాను. డోర్ ప్యాడ్ విప్పి పక్కనే మా అబ్బాయిని కూర్చోబెట్టాను. ఎడమ డోర్‌కు తాకించగానే టప్‌మని అట్ట బయటికి పొంగింది. కుడి డోర్‌కు తాకిస్తే "నాన్నా, లోపలికి పోయింది" అన్నాడు. అడాప్టర్ దగ్గర బూడిద రంగు వైరూ, నల్లచార ఉన్న బూడిద రంగు వైరూ మారిపోయి ఉన్నాయి. తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. చార ఉన్నది మైనస్. ఈ వరస దాదాపు అన్ని సెట్లకూ ఒకటే. సరిచేసి పాట పెడితే గాయని గొంతు సరిగ్గా డ్యాష్‌బోర్డు మధ్యలోకి వచ్చి నిలబడింది. వేలు పోసి స్పీకర్లు మార్చబోతున్నవాణ్ణి, ఆ రోజుతో ఆ ఆలోచన మానేశాను.

స్పీకరు మైనస్ వైరును బాడీ ఎర్త్‌కు కలిపే షాపులు ఇంకా ఉన్నాయి. ఇప్పటి సెట్లలో ఒక్కో స్పీకరు రెండు వైర్లలోనూ సుమారు ఆరేసి వోల్టులు ఉంటాయి. ఎర్త్‌కు తగిలితే లోపలి ఆంప్లిఫయర్ చిప్పు కాలిపోవచ్చు. ఇది మాత్రం ఎవరు చేస్తున్నా ఆపండి.

మూడో వేసవిలో స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా సెట్టు ఆఫై మళ్ళీ ఆన్ అయ్యేది. లాగి చూస్తే మెలిపెట్టిన జాయింట్ల మీద చుట్టిన నల్ల టేపు ఎండకు జిగురు కారి, గొట్టంలా జారిపోయి ఉంది. వేళ్ళకు తారులా అంటుకుంది. హైదరాబాద్ మే నెలలో ఎండలో నిలిపిన బండి డ్యాష్‌బోర్డు వెనక ఇన్సులేషన్ టేపు నిలవదు. జాయింట్లన్నీ విప్పి, టంకం వేసి, ఒక్కోదానికీ వేడికి ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగాను. మా తమ్ముడి హెయిర్ డ్రయర్‌తో స్లీవులు ముడుచుకోలేదు, లైటర్ మంట దూరంగా ఆడించాల్సి వచ్చింది. తర్వాత వైర్లన్నీ కలిపి గుడ్డ టేపు చుట్టాక గలగల కూడా తగ్గింది.

సీటు కింద బేసు కోసం ఊఫరు, దానికి విడిగా ఆంపు (ఆంప్లిఫయర్) పెట్టించినప్పుడు ఇంజన్‌తో పాటు ఈల మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే ఈల పైకి, వదిలితే కిందికి. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ చప్పుడు ఎర్త్ గుండా పాటలో కలుస్తోందన్నమాట. ఆంపు ఎర్త్‌ను రంగు వేసిన రేకు మీదే బిగించారు. ఎర్త్ స్క్రూకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య, ఊఫరు మోగుతుండగా మీటరు పెడితే 0.4 వోల్టులు. రంగు గీకి మెరిసే ఇనుము కనబడేదాకా తోమి, రింగ్ టెర్మినల్‌తో బిగిస్తే 0.05కు దిగింది, ఈల ముప్పాతిక పోయింది. పవర్ కేబుల్, సెట్టు నుంచి ఆంపుకు పాట తెచ్చే ఆర్‌సీఏ కేబుల్ ఒకే గుమ్మం కింద పక్కపక్కనే పోతున్నాయి. ఆర్‌సీఏను రెండో వైపుకు మార్చాక పూర్తిగా పోయింది. బ్యాటరీ నుంచి వచ్చే ఆంపు పవర్ కేబుల్‌కు ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. నా బండిలో ఆంపు దగ్గర పెట్టారు. మధ్యలో కేబుల్ ఎక్కడైనా ఒరుసుకుంటే మంటలు లేచేవి. అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇన్ని చెప్పాక సెట్టు గురించి కూడా చెప్పాలి. టచ్ ఇప్పటికీ మొదటి రోజులాగే ఉంది. మిట్ట మధ్యాహ్నం ఎండలో తెర సరిగా కనబడదు, దీన్ని భరించాల్సిందే. వాల్యూమ్‌కు తిప్పే నాబ్ ఉన్నది ఏరుకుని తీసుకున్నాను, ట్రాఫిక్‌లో చూపు తిప్పకుండా చెయ్యి వెళ్ళేది దానిమీదకే. ఆండ్రాయిడ్ ఆటో మధ్యలో తెగిపోతుంటే నెలలపాటు సెట్టునే అనుమానించాను, మీటరు పొడవున్న మంచి డేటా కేబుల్ వేశాక తెగలేదు. డబ్బా మీద నాలుగు స్పీకర్లకు ఒక్కోదానికి యాభై వాట్లని రాసి ఉంటుంది. పన్నెండు వోల్టుల బండిలో, మామూలు నాలుగు ఓమ్‌ల స్పీకర్లకు, విడిగా ఆంపు లేకుండా, పాట చీలకుండా ఒక్కోదానికి ఇరవై వాట్లు దాటడం కష్టం. ఆ అంకె చూసి కొనకండి. రివర్స్ కెమెరా వైరు రివర్స్ లైటు నుంచి తెచ్చాం, ఇప్పటివరకు ఇబ్బంది లేదు. ఇదే ధరకు మళ్ళీ దొరికితే ఈ సెట్టే కొంటాను, క్యాన్ బస్ అడాప్టర్ కూడా మొదటి రోజే తెచ్చుకుంటాను.

మొన్న మా బావమరిది పాత వ్యాగన్ ఆర్ కొని, "బావా, సెట్టు ఏది తీసుకోమంటావు?" అని ఫోన్ చేశాడు. ముందు డ్యాష్‌బోర్డు వెనక కప్లర్ ఫొటో పంపమన్నాను. పంపాడు. కప్లర్ లేదు, నల్ల టేపు చుట్టిన పద్నాలుగు జాయింట్లు ఉన్నాయి. స్లీవులు, టంకం సిద్ధంగా పెట్టి, ఈ ఆదివారం పొద్దున్నే రమ్మన్నాను.